కుక్క రిపోర్టులో గ్లూకోజ్ 38: ముందు ట్యూబు సంగతి చూడండి

మీ ల్యాబ్రడార్ రక్తపరీక్షలో గ్లూకోజ్ ఇంత తక్కువగా వచ్చింది, ఏదైనా జబ్బా అని అడిగారు. కుక్క బాగా తింటూ, గెంతుతూ ఉన్నా గ్లూకోజ్ 38 mg/dL వచ్చిందంటే అది చాలావరకు జబ్బు కాదండీ, శాంపిల్ ఆలస్యం. ఉదయం తీసిన రక్తం సాయంత్రం దాకా ఎర్రమూత ట్యూబులోనే (రక్తం గడ్డకట్టనిచ్చే మామూలు ట్యూబు) ఉందన్నారు కదా, అన్ని గంటలూ అందులోని రక్తకణాలు గ్లూకోజ్‌ని వాడేసుకుంటూనే ఉంటాయి, మామూలు గది వేడిలో గంటకు 5 నుంచి 10 శాతం తగ్గిపోతుంది.

1. మళ్లీ రక్తం తీయించండి. గ్లూకోజ్‌కి బూడిదరంగు మూత ఫ్లోరైడ్ ట్యూబు (కణాలు గ్లూకోజ్‌ని వాడేయకుండా ఆపే మందు ఉన్నది) అడగండి.

2. మిగతా పరీక్షలకు ఎర్రమూతే. కానీ అందరూ మరిచేది ఇక్కడే: రక్తం గడ్డకట్టగానే, గంటలోపు సెంట్రిఫ్యూజ్‌లో (ట్యూబును వేగంగా తిప్పే యంత్రం) తిప్పించి సీరాన్ని, అంటే పైన తేరే లేత పసుపు ద్రవాన్ని, వేరే ట్యూబులోకి తీసేయాలి. ఫ్రిజ్‌లో పెట్టాం కదా అంటే సరిపోదు.

3. ఈలోగా వణుకు, తూలడం, ఫిట్స్ కనిపిస్తే మాత్రం రిపోర్టు కోసం ఆగకండి, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.