పగటి షుగర్ పెరుగుతోందని లాంటస్ పెంచేముందు

చి. స్వాతికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన రీడింగులన్నీ చూశాను. పొద్దున లేచేసరికి 120, 130 దగ్గర బాగానే ఉంటోంది. పదకొండయ్యేసరికి 220 దాటి, సాయంత్రం దాకా దిగడం లేదు. అందుకని రాత్రి పదింటికి వేసుకునే లాంటస్‌ని, అంటే రోజంతా నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్‌ని, 16 యూనిట్ల నుంచి 20కి పెంచుదామనుకుంటున్నానన్నావు. వద్దమ్మా, అప్పుడే పెంచకు. 120తో నిద్ర లేచే మనిషి ఒక్కసారిగా నాలుగు యూనిట్లు పెంచితే తెల్లవారుజామున షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. అదీ అందరూ నిద్రలో ఉన్న వేళ.

లాంటస్‌ది ఒక్కటే పని. మనం ఏమీ తినకపోయినా కాలేయం రోజంతా రక్తంలోకి కొద్దికొద్దిగా గ్లూకోజు వదులుతూనే ఉంటుంది. దానికి సరిపడా ఇన్సులిన్ ఇవ్వడమే ఆ పని. ఇడ్లీకి, అన్నానికి, టీలో పంచదారకి భోజనం ముందు వేసుకునే ఇన్సులిన్ వేరే ఉంది. నీలా టైప్ వన్ (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారవని షుగర్ జబ్బు) ఉన్నవాళ్లకి రోజు మొత్తం వేసుకునే ఇన్సులిన్‌లో లాంటస్ వాటా సాధారణంగా 40 నుంచి 50 శాతం ఉంటుంది. అది బాగా దాటిపోతోందంటే అన్నం పని కూడా దానిచేత చేయిస్తున్నామేమోనని చూడాలి. అలా చేస్తే ఒక పూట భోజనం ఆలస్యమైనా ఆఫీసులో కూర్చున్నచోటే చెమటలు పడతాయి.

తప్పు లాంటస్‌దా, టిఫిన్‌దా అన్నది తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. మీ డాక్టరు గారికి ముందే చెప్పి, ఒక సెలవు రోజు పొద్దున టిఫిన్ మానేసి చూడు. దానికి వేసే ఇన్సులిన్ కూడా ఆ పూట వద్దు. ముందురోజు రాత్రి భోజనం ఎనిమిదింటికల్లా అయిపోవాలి. బిర్యానీ లాంటి నూనె భోజనం వద్దు, దాని ప్రభావం చాలా గంటలు సాగుతుంది. జ్వరం ఉన్నా, నెలసరి అయినా, గత 24 గంటల్లో షుగర్ పడిపోయినా ఆ రోజు వదిలేయ్. లేచాక 100కీ 180కీ మధ్య ఉంటేనే మొదలుపెట్టి, మధ్యాహ్నం పన్నెండు దాకా గంటకోసారి చూసి రాసుకో. మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు, కాఫీ కూడా. 70 కంటే తగ్గితే పరీక్ష అక్కడితో ఆపి, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాలకి మళ్లీ చూడు. 250 దాటితే కూడా ఆపేసి, కీటోన్లు (ఇన్సులిన్ చాలక కొవ్వు కరిగినప్పుడు రక్తంలో పెరిగే ఆమ్లాలు) చూసుకుని, డాక్టరు చెప్పిన లెక్కలో ఇన్సులిన్ వేసుకో.

ఇంకో రోజు టిఫిన్ ఏడింటికే తిని, మధ్యాహ్న భోజనం మానేసి, పదకొండు నుంచి నాలుగు దాకా ఇలాగే చూడు. నాలుగు గంటల తేడా ఎందుకంటే పొద్దుటి ఇన్సులిన్ ప్రభావం అప్పటికి దాదాపు తీరిపోవాలి. ఏకాదశి ఉపవాసం రోజున ఈ పని కలిసొస్తుందనుకోకు. పాలు, పళ్లు తీసుకుంటాం కాబట్టి లెక్క తప్పుతుంది.

మొదటి రీడింగుకి 30 పైనా కిందా లోపలే తిరిగితే లాంటస్ సరిగ్గానే ఉన్నట్టు. అప్పుడు చూడాల్సింది టిఫిన్ ఇన్సులిన్‌ని. తినడానికి పదిహేను నిమిషాల ముందు వేసుకుంటున్నావా, తినేటప్పుడా? పదింటి టీ, బిస్కెట్లు లెక్కలోకి వస్తున్నాయా? వండిన అన్నం 100 గ్రాములకి 28 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. కొన్నాళ్లు తూకం వేసుకుంటేనే కంటికి అలవాటవుతుంది.

లేచిన రెండు మూడు గంటలు పెరిగి, తర్వాత నిలకడగా ఉంటే అది తెల్లవారుజామున ఊరే హార్మోన్ల పని. దానికోసం లాంటస్ పెంచితే మధ్యాహ్నం మూడింటికి పడిపోతావు. ఆ మందు గంట గంటకీ మారదు కదా, నీ అవసరం తక్కువగా ఉండే వేళని బట్టే దాన్ని కుదుర్చుకోవాలి. ఏమీ తినకపోయినా రోజంతా ఎక్కుతూ పోతే మాత్రం డాక్టరుతో మాట్లాడి పది శాతం, అంటే ఒకటి రెండు యూనిట్లు పెంచి, కనీసం మూడు రోజులు చూడాలి. దిగుతూ పోతే తగ్గించడం మాత్రం ఆలస్యం చేయకూడదు. లాంటస్ కంటే ఎక్కువసేపు పనిచేసే ట్రెసిబా ఇన్సులిన్‌కి మారితే ఇంకా ఓపిక కావాలి, మార్చిన డోసు కుదురుకోవడానికే మూడు నాలుగు రోజులు పడుతుంది.

సాయంత్రం ఆరు నుంచి పదింటి దాకా మాత్రమే, తినకుండానే పెరుగుతోందంటే లాంటస్ 24 గంటలూ నిలవడం లేదేమో. కొందరికి 20 గంటలకే పలచబడుతుంది. డోసుని రెండుగా చేసి పొద్దున, రాత్రి వేసుకోమని డాక్టరు చెప్పవచ్చు.

ఇవన్నీ చూసే ముందు బొడ్డు పక్కన వేలితో తడిమి చూసుకో. ఒకేచోట పొడుస్తుంటే చర్మం కింద మెత్తటి గడ్డలు కడతాయి. నొప్పి ఉండదని అక్కడే పొడవాలనిపిస్తుంది, కానీ మందు ఒకరోజు ఎక్కుతుంది, ఒకరోజు ఎక్కదు. ప్రతిసారీ వేలెడు దూరం జరుగు. గడ్డ లేని చోటికి మారినప్పుడు అదే డోసు బాగా పనిచేసి షుగర్ పడవచ్చు, ఆ వారం ఎక్కువసార్లు చూసుకో. సూది పెట్టే ముందు ఇన్సులిన్ పెన్నులోంచి రెండు యూనిట్లు గాల్లోకి వదిలి చుక్క వస్తోందో లేదో చూడు. నొక్కాక పది లెక్కపెట్టి తియ్యి.

వాడుతున్న పెన్ను 30 డిగ్రీల లోపలే ఉండాలి, 28 రోజులకి మార్చాలి. మే నెల విజయవాడలో బ్యాగులో పెట్టుకు తిరిగితే మందు పాడవుతుంది, తడిపి వాడే చల్లటి సంచి కొనుక్కో. మందుల షాపులో సీసా ఇస్తే సిరంజి చూసి తీసుకో. మిల్లీలీటరుకి 100 యూనిట్లుండే మందుని, మిల్లీలీటరుకి 40 యూనిట్ల లెక్కతో గీతలుండే ఎర్ర మూత సిరంజిలో లాగితే రెండున్నర రెట్ల మందు ఒంట్లోకి పోతుంది.

వాంతులై ఏమీ తినలేకపోయినా లాంటస్ మానకు. షుగర్ 250 దాటి వాంతులుంటే కీటోన్లు చూసుకుని, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లు.

వచ్చే అపాయింట్‌మెంటుకి ఆ రెండు రోజుల గంట గంటల కాగితం, ఒక రాత్రి మూడింటి రీడింగు, తిన్నవన్నీ రాసుకున్న వారం లెక్క పట్టుకెళ్లు. ఆ కాగితాలు చూస్తే ఏ డోసు కదపాలో డాక్టరు గారికి తెలుస్తుంది.

ఇట్లు,
పెద్దమ్మ