లేహ్ వెళ్తున్న మా అబ్బాయికి

చిన్నోడా,

సైన్యంలో నీకు లడఖ్‌లోని లేహ్ పోస్టింగ్ వచ్చిందని మీ పిన్ని చెప్పగానే వీధంతా చాటింపు వేసింది నేనే. సాయంత్రానికి రెండో కబురు చెప్పింది. అక్కడొచ్చే అలవెన్సు చూపించి విశాఖలో స్థలానికి లోన్ అడిగావట. ఇక నాకు నిద్రెక్కడిది?

కోడలు, పాప ఎక్కడుంటారో తేల్చుకుని, కదిలే ముందే పార్ట్ టూ ఆర్డర్ వేయించు, అంటే ఆ ఊరు నీ సర్వీసు రికార్డులో ఎక్కించు. వాళ్లుండే ఊరిని బట్టే అద్దె భత్యం: ఇప్పుడు బేసిక్ మీద హైదరాబాద్‌లో 30 శాతం, విశాఖలో 20, మన ఆమదాలవలసలో 10. డీఏ, అదే కరువు భత్యం, మాత్రం దేశమంతటా ఒకటే. ఏ ఊళ్లో ధరలు మండినా దానికి పట్టదు.

నేనూ సైన్యంలో, ఫీల్డ్‌లో, అంటే సరిహద్దు వైపు ఉన్నప్పుడు నీలాగే లెక్కలు వేశాను. తిండి రేషన్‌ది, బట్టలు సర్కారువి, కొనుక్కుందామంటే దుకాణం లేదు. నెలనెలా మిగిలింది చూసి అదే నా జీతమనుకున్నాను. ఆ ధైర్యంతో మీ చిన్నత్త పెళ్లికి లోన్ తీశాను. తర్వాత సికింద్రాబాద్ వేశారు. ఫీల్డ్ అలవెన్సు ఆగిపోయింది. క్వార్టర్‌కి వెయిటింగ్ లిస్టు. తిరుమలగిరిలో రెండు గదులు తీసుకుంటే, ఇచ్చే అద్దె భత్యం సగానికీ సరిపోలేదు. ఖర్చు లేనిచోట ఎక్కువిచ్చి, ఖర్చున్నచోట కోసేశారని తిట్టుకున్నాను. నిజానికి ఆ డబ్బు కష్టానికిచ్చింది, జీవితాంతం ఇస్తామని ఎవరూ అనలేదు. సంక్రాంతికి మీ పిన్ని చేతులకి మట్టిగాజులే ఉన్నాయి. అడిగితే, "బరువుగా ఉన్నాయని తీశాను" అంది. తాకట్టు చీటీ బియ్యం డబ్బాలో దొరికింది. విడిపించడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లలో ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ.

అందుకే, బుద్ధిహీనుడా, ఈఎంఐ లెక్క అలవెన్సులు తీసేసిన జీతం మీద వెయ్యి. మిగిలేదాన్ని ఏఎఫ్‌పీపీ ఫండ్‌లో, అదే జవాన్ల ప్రావిడెంట్ ఫండ్‌లో వేసెయ్, చేతికందకుండా.

సియాచిన్‌లో జవాన్లకిచ్చే అలవెన్సు ఇంకా పెద్దది. ఆ అంకె చూసి నువ్వే ముందుకొచ్చి పేరిస్తావేమోనని నా భయం. పంపితే వెళ్లు, కాదనను. లోన్ కోసం మాత్రం వద్దు నాన్నా.

లేహ్‌లో దిగాక మొదటి ఆరు రోజులు హుషారు చూపించకు. తలనొప్పిగా ఉంటే దాచకుండా డాక్టరుకి చెప్పు. మీ నాన్నలాగే నువ్వూ దాస్తావు, నాకు తెలుసు.

గాజుల సంగతి రాశానని మీ పిన్నికి తెలియనివ్వకు.

మీ బాబాయ్