పేరు లేని పాత చెక్క కానూ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) ఏ కంపెనీ చేసిందో ఇలా తెలుస్తుంది

అమెరికాలోని మైన్ రాష్ట్రంలో కొన్న ఇంటి షెడ్‌లో కానూ దొరికింది, స్టిక్కర్ గానీ పేరు గానీ లేవు అన్నారు కదా అన్నా, పేరు కోసం పైన వెతక్కండి, ఎన్నిసార్లు పెయింట్ కొట్టారో ఏమో అదెప్పుడో పోయుంటుంది. లోపల చూడండి, రెండు చివర్లలో అడుగున స్టెమ్, అంటే పడవ కొసని నిలబెట్టే వంపు చెక్క ఉంటుంది కదా, తడిగుడ్డతో దుమ్ము తుడిచి టార్చ్ పక్కనుంచి ఏటవాలుగా కొడితే చెక్కలోకి గుద్దిన నంబర్ నీడలో తేలుతుంది. శాండ్‌పేపర్ మాత్రం పెట్టొద్దు ప్లీజ్, ఉన్న ఆధారం కాస్తా పోతుంది.

నంబర్ తర్వాత కాస్త గ్యాప్‌తో 16, 17 అనుంటే ఓల్డ్ టౌన్ అనే కానూ కంపెనీది అయ్యే ఛాన్స్ ఎక్కువ, ఆ చివరి సంఖ్య అడుగుల్లో పొడవు. వాళ్ళ పాత బిల్డ్ రికార్డులు ఇంకా ఉన్నాయి, నంబర్ ఇస్తే మోడల్, చెక్క, రంగు, ఎప్పుడు ఏ ఊరికి పంపారో కూడా వస్తుంది, వుడెన్ కానూ హెరిటేజ్ అసోసియేషన్ వాళ్ళని అడగండి.

స్టెమ్ మీద ఏమీ లేకపోతే గన్నెల్ (పడవ పై అంచు వెంట ఉండే చెక్క పట్టీ) లోపలివైపు చిన్న ఇత్తడి ప్లేట్ గానీ దాని మేకు రంధ్రాలు గానీ ఉన్నాయా చూడండి, పైగా రిబ్స్ (పడవ లోపల అడ్డంగా వంచి పెట్టిన పక్కటెముకల్లాంటి చెక్కలు) కొసలు గన్నెల్ గాడిలోకి దూరి ఉంటే మైన్‌లోనే వీజీ ఊరి మోరిస్ కంపెనీది కావొచ్చు. రెండు చివర్ల ఫోటోలు పెట్టండి, చూద్దాం.