ఓట్లడగడానికి బయల్దేరిన మా మేనకోడలికి

బిడ్డా,

మీ నాయిన నిన్న ఫోన్ చేశాడు. "దీనికి పిచ్చి పట్టింది, సైంటిస్టు ఉద్యోగానికి రాజీనామా చేసి ఇండిపెండెంట్‌గా అసెంబ్లీకి నిలబడతదట, నువ్వయినా చెప్పు" అన్నాడు. చెప్తానన్నాను. ఫోన్ పెట్టేసి పక్కింటామెను పిలిచి, మా మేనకోడలు ఎమ్మెల్యేకి పోటీ చేస్తోందని గొప్పలు పోయాను. రాత్రి మాత్రం కన్ను మూతపడలేదు.

ముందు కాగితాల సంగతి. రాజీనామా ఆమోదించినట్టు కాగితం చేతికి రానిదే నామినేషన్ వెయ్యకు. నీ నియోజకవర్గం ఓటర్లు 10 మంది ప్రతిపాదిస్తూ సంతకాలు పెట్టాలి. ఖర్చుకు వేరే బ్యాంకు ఖాతా తెరువు. డిపాజిట్ 10,000, చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే పోతుంది. పోతే పోనీ. పొలం జోలికి మాత్రం పోవద్దు. 40 లక్షల దాకా ఖర్చు పెట్టుకోవచ్చని రూలుంటే, అంతా పెట్టమని కాదు. ఎన్నికల అప్పులకు పొలాలు అమ్ముకున్నవాళ్లను ఓడినవాళ్లలోనే కాదు, గెలిచినవాళ్లలోనూ చూశాను.

నీ కరపత్రం చదివాను. పైన "ప్రతి నిర్ణయానికీ ఆధారం" అని రాశావు, బాగుంది. లోపల ఆ గ్రాఫ్ ఎవరి కోసమమ్మా? 1996లో మన నల్గొండ లోక్‌సభ సీటుకు 480 మంది నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్ల గోడు ఢిల్లీకి వినపడాలని జలసాధన సమితి వాళ్లు వందల మందితో నామినేషన్లు వేయించారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. నువ్వప్పుడు పలక పట్టుకుని తిరిగేదానివి. ఒక్క గ్రాఫ్ లేకుండా దేశమంతా మన నీళ్ల గురించి మాట్లాడుకుంది.

ఇప్పుడు అసలు సంగతి. నేను సర్పంచ్‌గా ఉన్న రోజుల్లో ఒక ఇంజినీరు వచ్చాడు. కుర్రాడు, నీలాగే పెద్ద చదువు. చేతిపంపులన్నింటి నీళ్లూ సీసాల్లో పట్టుకెళ్లాడు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదట, బొడ్రాయి దగ్గరి పంపులో దానికి మూడింతల ఫ్లోరైడ్ తేలింది. మళ్లీ వచ్చినప్పుడు ఎర్ర రంగు డబ్బా తెచ్చి, పిడి నుంచి దిమ్మె దాకా పూయించి, "తాగొద్దు" అన్నాడు. జీపెక్కబోతుంటే ఒక ముసలామె ఖాళీ బిందెతో అడ్డం నిలబడింది. "మరి ఏవి తాగాలె సారూ?" దానికి ఆయన దగ్గర జవాబు లేదు. కాచి తాగితే పోదా అని ఇంకొకామె అడిగింది. పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది అన్నాడు. అదీ నిజమే. నిజాలన్నీ చెప్పి వెళ్లిపోయాడు.

మిగిలింది ఊరవతల మోటబావి. నడి ఎండాకాలం. నెల తిరక్కుండానే ఆడవాళ్లంతా మళ్లీ ఎర్ర పంపు దగ్గరే. ఆ తర్వాత పెళ్లిచూపులకొచ్చినవాళ్లు ఆ పంపును చూసి మంచినీళ్లు కూడా ముట్టకుండా తిరుగుముఖం పట్టారు. ఆ రాత్రి ఎవరో ఇటుక ముక్కతో రంగంతా గీకేశారు. ఎవరో నాకు తెలుసు, చెప్పను. కొన్నాళ్లకు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ దించే పద్ధతి నేర్పడానికి ఇంకొకాయన వచ్చాడు. మన జిల్లా పేరుతోనే ఉన్న పద్ధతి. బకెట్ ముందు పెట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చున్నా ఒక్కరూ గడప దిగలేదు, మళ్లీ రంగు పూస్తారని భయం. పైపుల్లో కృష్ణా నీళ్లు వచ్చాకే ఆ పంపు పాడుబడింది. ఆ నీళ్లు తాగి పెరిగిన పిల్లలు, పళ్ల మీది మచ్చలు కనపడకుండా, ఇప్పటికీ నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. ఆ ఇంజినీరు మీద నాకింకా కోపం పోలేదు.

నీ కరపత్రంలో నాలుగో లైను చూడగానే ఆయనే గుర్తొచ్చాడు. "బోర్లకు మీటర్లు" అని రాశావు. ఎంత నీరు తోడుతున్నామో కొలవాలని నీ ఉద్దేశం. ఊళ్లో వినపడేది కరెంటు బిల్లు! దాచమనడం లేదు. వరి తగ్గిస్తే జొన్నలు ఎవరు కొంటారు, ఏ ధరకు కొంటారు, డ్రిప్పు పైపులకు డబ్బులెవరిస్తారు, అది ముందు తేల్చి చెప్పు. మీటరు మాట ఆ తర్వాత ఎత్తు. ఆ జవాబులు ఇంకా నీ దగ్గర లేకపోతే ఆ లైను తీసెయ్.

మేఘనాద్ సాహా అంత శాస్త్రవేత్త 1952లో కలకత్తా నుంచి లోక్‌సభకు గెలిచాడని నువ్వే చెప్పావు కదా. అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఆయన బెంగాల్ వరదల్లో సహాయక పనులు చేశాడని కూడా నువ్వే చెప్పావు. ఆ రెండో ముక్క నువ్వు మర్చిపోయినట్టున్నావు.

రాత్రిళ్లు హైవే మీద నువ్వు డ్రైవ్ చెయ్యకు. దీనికి కారణం అడగొద్దు, వాదించొద్దు. ఎండకు తలమీద కొంగు కప్పుకో. ప్రతి ఇంట్లో టీ తాగకు, నీకు గ్యాస్. కానీ ఎవరైనా మంచినీళ్లిస్తే మాత్రం సంచిలోంచి బాటిల్ తియ్యకు. ఒక్క గ్లాసుకు ఏమీ కాదని నాకంటే నీకే బాగా తెలుసు.

నామినేషన్ రోజు నేనొస్తాను. మీ నాయిన రానంటాడు, తీసుకొచ్చే పూచీ నాది. కారు పంపకు, దాని కిరాయి కూడా నీ ఖర్చులో రాస్తారు. ఇద్దరం బస్సుకే వస్తాం.

మీ అత్త