వాన వెలిశాకా ఆగని బేస్‌మెంట్ పంపు

ప్రశ్న: న్యూజెర్సీలో పాత ఇల్లు కొనుక్కున్నాం. బేస్‌మెంట్ గుంటలో చేరే నీళ్లను బయటికి తోడే సంప్ పంపు వాన వెలిశాక కూడా నిమిషానికోసారి ఆన్ అయి, కొన్ని సెకన్లకే ఆగిపోతోంది. మొన్నటి వానకైతే మోటారు శబ్దం వస్తున్నా గుంటలో నీళ్లు తగ్గలేదు. కొత్త పంపు కొనాల్సిందేనా?

జవాబు: అప్పుడే కొనకండి. మాటిమాటికీ ఆన్ అయి ఆగుతోందంటే ముందుగా అనుమానించాల్సింది మోటారును కాదు, నీళ్లు పైకి వెళ్లే గొట్టానికి అమర్చిన చెక్ వాల్వ్‌ను, అంటే నీళ్లను ఒకే దిశలో పోనిచ్చే కవాటాన్ని. అది సరిగా మూసుకోకపోతే, పంపు ఆగగానే గొట్టంలో నిలిచిన నీరంతా తిరిగి గుంటలోకే దిగుతుంది. ఒకటిన్నర అంగుళాల గొట్టం పది అడుగుల ఎత్తున ఉంటే అందులో పట్టే నీరు దాదాపు ఒక గ్యాలన్. 18 అంగుళాల వ్యాసం గల గుంటలో నీటిమట్టాన్ని అంగుళం మేర పెంచడానికి అది చాలు. నీటిమట్టాన్ని బట్టి పంపును నడిపే ఫ్లోట్ స్విచ్‌లో ఆన్, ఆఫ్ మట్టాల మధ్య ఎడం తక్కువగా ఉంటే, పంపు తోడిన నీళ్లనే మళ్లీ తోడుతూ రాత్రంతా గడుపుతుంది, అనవసరంగా అరిగిపోతుంది. పంపు ఆగిన మరుక్షణం గుంటలోకి నీళ్లు దిగే చప్పుడు వినిపిస్తే వాల్వ్ మార్చించండి; కొత్త పంపుతో పోలిస్తే దాని ధర చాలా తక్కువ.

మోటారు తిరిగినా నీళ్లు పోకపోవడానికి కారణాలు వేరు. పంపులో గాలి చిక్కుకుని ఉండవచ్చు. దాన్ని వదిలించడానికే గొట్టంలో పంపుకు పైన, చెక్ వాల్వ్‌కు కింద సుమారు 3 మిల్లీమీటర్ల చిన్న రంధ్రం ఉంచుతారు. అది బురదతో పూడిపోతే ఇదే జరుగుతుంది. రంధ్రం బాగానే ఉంటే, ఇంటి బయట గొట్టం చివర ఆకులో, చలికాలమైతే మంచో అడ్డుపడిందేమో చూడండి. శబ్దం తిరుగుతున్నట్టు కాకుండా సన్నని గుయ్ మనే మోతగా ఉంటే మాత్రం లోపల నీళ్లను తోసే చక్రంలో (ఇంపెల్లర్) రాయి ఇరుక్కుని ఉండవచ్చు. ప్లగ్ తీసేసిన తరువాతే పంపును పైకి తీయాలి, అదీ పిడి పట్టుకుని. కరెంటు తీగ పట్టుకుని లాగకూడదు. నేల మీద నీళ్లు నిలిచి ఉంటే అసలు బేస్‌మెంట్‌లోకి దిగకండి. ఈ ఒక్క మాట దయచేసి ఇంట్లో అందరికీ చెప్పండి.

పంపు అసలు ఆన్ కాని రోజు కూడా రావచ్చు కాబట్టి ఇదీ తెలుసుకోండి. చాలా పంపులకు ఫ్లోట్ స్విచ్ ప్లగ్, దాని వెనుక పంపు ప్లగ్ ఒకదానిలో ఒకటి గుచ్చి ఉంటాయి. పంపు ప్లగ్‌ను విడదీసి నేరుగా అవుట్‌లెట్‌లో పెట్టినప్పుడు పనిచేస్తే లోపం స్విచ్‌దే. అప్పుడూ పనిచేయకపోతే, మోటారును అనుమానించే ముందు అవుట్‌లెట్‌పై ఉన్న జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే రక్షణ) రీసెట్ బటన్‌ను నొక్కి చూడండి.

ఇవన్నీ సరిచేసుకున్నా, 2021 సెప్టెంబరు 1న ఐడా తుపాను అవశేషాలు న్యూజెర్సీపై కురిపించినటువంటి వానకు మీ పంపు సామర్థ్యమే చాలకపోవచ్చు. గట్టిగా వాన కురుస్తున్నప్పుడు పంపును ఒక్క నిమిషం ఆపి, గుంటలో నీరు ఎన్ని అంగుళాలు పెరిగిందో కొలవండి. మీ గుంట 18 అంగుళాలదైతే ప్రతి అంగుళం ఒక గ్యాలన్‌కు కాస్త ఎక్కువ. ఆ లెక్కను పంపు పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేసిన అంకెతో కాకుండా, పది అడుగుల ఎత్తుకు ఎంత తోడగలదని రాశారో దానితో పోల్చాలి.

పెద్ద గాలివానల్లో కరెంటు కూడా పోతుంది కనుక 12 వోల్టుల డీప్ సైకిల్ బ్యాటరీతో (చాలాసేపు నిలకడగా కరెంటు ఇచ్చే రకం) నడిచే రెండో పంపు ఉండడం అవసరమని నా గట్టి అభిప్రాయం. నగర నీటి సరఫరా ఒత్తిడితో నడిచే పంపులూ దొరుకుతాయి గానీ, బావి నీళ్లు వాడే ఇళ్లకు అవి పనికిరావు. అక్కడ కరెంటు పోతే నీళ్లూ ఆగిపోతాయి.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్ పంపు ప్రతి వానాకాలం మొరాయిస్తోంది. ఏం చేయాలి?

జవాబు: శుభ్రమైన నీళ్లకు వాడే సబ్‌మెర్సిబుల్ పంపును అక్కడ పెట్టారేమో ముందు చూడండి. సెల్లార్ నీళ్లలో మట్టి, ప్లాస్టిక్ కవర్లు ఉంటాయి కాబట్టి మురుగునీటి పంపే వాడాలి, గుంటపై జాలీ ఉండాలి. స్టార్టర్ పెట్టెను నీళ్లు అందని ఎత్తులో బిగించండి. జనరేటర్ ఉంటే లిఫ్టుతో పాటు ఈ పంపునూ దానికి కలిపారో లేదో ఎలక్ట్రీషియన్‌తో జూన్‌కు ముందే చూపించుకోండి.