దేశం వదిలిన ద్రోబ్నీ, అతని నల్ల కళ్లద్దాలు

సొంత దేశం వదిలి వెళ్లిన టెన్నిస్ ఆటగాడు మునుపటి స్థాయిలో ఆడగలడా అని అడిగారు. నిస్సందేహంగా ఆడగలడు. యారొస్లావ్ ద్రోబ్నీ అంతకంటే బాగా ఆడాడు.

ప్రాగ్‌లో పుట్టిన ఈ ఎడమచేతివాటం ఆటగాడు 1949 జులైలో స్విట్జర్లాండ్‌లోని గ్‌స్టాడ్‌లో ఆడుతుండగా, ఆ పోటీలో జర్మన్, స్పెయిన్ ఆటగాళ్లు ఉన్నందున తప్పుకోవాలని చెకొస్లొవేకియా ప్రభుత్వం ఆదేశించడంతో, సహచరుడు వ్లాదిమిర్ చెర్నిక్‌తో పాటు ఇక ఇంటిముఖం చూడకూడదని నిశ్చయించుకున్నాడు. ఈజిప్టు పౌరసత్వమిచ్చి ఆదుకుంది. 1951, 1952 ఫ్రెంచి టైటిళ్లూ, 1954 వింబుల్డనూ ఆ తర్వాత గెలిచినవే.

నిజానికి నాకు అతనిపై అభిమానం కలిగింది కళ్లద్దాల వల్ల. తొమ్మిదో తరగతిలో మా ఊరి మట్టి కోర్టులో బంతి తగిలి నా కళ్లజోడు కాడ విరిగితే, దారంతో కట్టుకుని మర్నాడు మళ్లీ వెళ్లాను. ఆట నేర్పే మాస్టారు ఆ ముడిని వేలితో కదిపి చూసి, "జోడు పెట్టుకునేవాడికి టెన్నిసెందుకురా, చదరంగం ఆడుకో" అని నా చేతిలోని రాకెట్టు మరొకడికి ఇచ్చేశారు. ఆటలు నేర్పేవారిలో సగం మందికి పిల్లవాడి ఆట కంటే వాడి వాలకమే ముందు కనబడుతుందని నా స్థిరాభిప్రాయం.

ఐస్ హాకీలో కంటికి గాయమైన ద్రోబ్నీ నల్ల కళ్లద్దాలతోనే ఆడేవాడు. అదే హాకీలో 1948 ఒలింపిక్ రజతమూ గెలిచాడు. 1953 వింబుల్డన్ మూడో రౌండులో అమెరికా ఆటగాడు బడ్జ్ ప్యాటీతో 93 గేములు ఆడి, ఆరు మ్యాచ్ పాయింట్లు (ఇంకొక్క పాయింటొస్తే ప్యాటీ గెలిచే ఘట్టాలు) కాచుకుని, చివరి సెట్టు 12-10తో గెలిచేసరికి నాలుగు గంటలు దాటింది. మరుసటి ఏడాది పదకొండో సీడుగా (నిర్వాహకుల అంచనా వరుసలో పదకొండోవాడిగా) వచ్చి, ఫైనల్లో పంతొమ్మిదేళ్ల ఆస్ట్రేలియా ఆటగాడు కెన్ రోజ్‌వాల్‌ను 13-11, 4-6, 6-2, 9-7తో ఓడించాడు. అంతకుముందు 1949, 1952 ఫైనళ్లలో ఓడినవాడు కనుక, ప్రేక్షకులు అతణ్ణి తమవాడిలాగే చూశారు.

ఇప్పటి పట్టికలు ఆ గెలుపు పక్కన ఈజిప్టు జెండా పెట్టి ఊరుకుంటాయి. చదివినవారు క్విజ్ ప్రశ్న దొరికిందని సంబరపడతారు. అతను వింబుల్డన్‌లో 1938లో చెకొస్లొవేకియా తరఫున, 1939లో నాజీల ఏలుబడిలోని బొహీమియా-మొరావియా తరఫున, దేశం వదిలాక ఈజిప్టు తరఫున, చివరికి 1960లో బ్రిటన్ తరఫున ఆడాడు. ఆ చివరిసారికి వయసు 38.