ఆ అరగంటలో ఏం జరిగిందో అడుగు

పాఠకుల ఉత్తరాలకు గుంటూరు పెద్దాసుపత్రి ప్రసూతి వార్డులో హెడ్ నర్సుగా చేసి రిటైరైన సిస్టరమ్మ జవాబులు

ప్రశ్న: సిస్టరమ్మ గారికి నమస్కారం. నాకు ఇరవై ఆరేళ్లు. మాది విజయవాడ, పటమట. పాపకి నాలుగో నెల. మొదటి నుంచీ నార్మల్ డెలివరీయే కావాలనుకున్నాను. ఏడో నెల నుంచి సాయంత్రాలు కాలవ గట్టున నడిచాను, గర్భిణుల వ్యాయామాల క్లాసుకి వెళ్లాను, నెయ్యి కూడా లెక్క చూసుకుని తిన్నాను. నొప్పులు వాటంతటవే వచ్చాయి. రాత్రి పదింటికి ఓ ప్రైవేటు ఆస్పత్రిలో చేరాను. మర్నాడు మధ్యాహ్నానికి గర్భసంచి ముఖద్వారం ఎనిమిది సెంటీమీటర్లు తెరుచుకుంది, ఇంకెంతసేపు, అయిపోతుంది అన్నారు. సాయంత్రం దాకా అక్కడే ఆగిపోయింది. ఉన్నట్టుండి ఎవరో "రేటు పడిపోతోంది" అన్నారు. ఇక అంతా పరుగులే. మావారి చేత నిలబెట్టి సంతకాలు పెట్టించుకున్నారట. చేతి బంగారు గాజులు ఊడి రాకపోతే వాటి మీదే ప్లాస్టరు చుట్టేశారు. నడుముకి ఇంజెక్షనిచ్చారు. పాప ఏడుపు వినబడింది గానీ అప్పటికే నాకు పళ్లు టకటకా కొట్టుకునేంత వణుకు. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. డాక్టరమ్మ మర్నాడొచ్చి "తల్లీబిడ్డా బాగున్నారు, ఇంకేం కావాలి" అనేసి వెళ్లిపోయారు.

ఇప్పుడు చూడ్డానికి ఎవరొచ్చినా నార్మలా, ఆపరేషనా అనే అడుగుతారు. ఆపరేషనంటే "అయ్యో, ఇంకాసేపు ఓర్చుకోలేకపోయావా" అంటారు. మా ఆడపడుచుకి రెండూ నార్మలే. మా అత్తయ్య నన్నేమీ అనరు, కానీ ఫోనులో చుట్టాలకి చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తారు. ఆ ఆస్పత్రి ఉన్న వీధిలోకి ఆటో తిరిగితే నాకు చెమటలు పడతాయి, వేరే దారిన పొమ్మంటాను. రాత్రిళ్లు పాప పడుకున్నా నాకు నిద్ర రాదు, "రేటు పడిపోతోంది" అన్న మాటే చెవిలో ఉంటుంది. డబ్బు కోసం కోశారేమో అని కాసేపు, నేనే ఏదో సరిగ్గా చేయలేదేమో అని కాసేపు. తప్పెవరిదండీ? రెండో కాన్పయినా నార్మల్ అవుతుందా?
– పేరు వద్దు, పటమట

జవాబు: అమ్మాయీ, ముందు ఆ ఓర్చుకోవడం సంగతి తేల్చేద్దాం. రాత్రి పదింటి నుంచి మర్నాడు సాయంత్రం దాకా నొప్పులు పడ్డదానివి, ఎనిమిది దాకా వచ్చినదానివి. అక్కడ ఆగిపోయిందంటే దానికీ నీ ఓర్పుకీ సంబంధం లేదు. బిడ్డ కిందికి దిగేటప్పుడు గడ్డాన్ని గుండెకి ఆనించుకుని, తల వెనక భాగం తల్లి పొట్ట వైపుకి తిప్పుకుని రావాలి. కొందరు బిడ్డలు ముఖం పొట్ట వైపుకే పెట్టుకుని వస్తారు, కొందరు తల ఎత్తి ఉంచుతారు. అప్పుడు తలలో వెడల్పాటి భాగం ఇరుకు దారిలో అడ్డం పడుతుంది. నువ్వు కాలవ గట్టున బందరు దాకా నడిచినా లోపల బిడ్డ తల ఎటు తిరగాలో నీ చేతుల్లో లేదు. నడక మంచిదే, ఒంటికి మంచిది. అంతకంటే దాని మీద బరువు పెట్టకు.

ఇక "రేటు". అది బిడ్డ గుండె. నిమిషానికి 110 నుంచి 160 మధ్య కొట్టుకోవాలి. నొప్పి వచ్చినప్పుడు కాస్త తగ్గి, నొప్పి వదిలేసరికి పుంజుకుంటే మేం అంత గాభరా పడం. నొప్పి వదిలాక కూడా లేవకపోతేనో, ఒక్కసారి పడిపోయి నిమిషాల తరబడి అక్కడే ఉంటేనో అప్పుడు గదిలో మాటలు ఆగిపోతాయి, ఒకరు ఆక్సిజను పెడతారు, ఒకరు నిన్ను ఎడమ పక్కకి తిప్పుతారు, ఇంకొకరు థియేటరుకి ఫోను చేస్తారు. ఆ పరుగుల్లో పడుకున్న మనిషికి ఏం జరుగుతోందో చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. పోనీ, అప్పుడు లేదు. మర్నాడు ఉంటుంది కదా? ఆపరేషనైన పిల్ల మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, నిన్న ఎందుకు తీసుకెళ్లామో తెలుసా తల్లీ అని ఐదు నిమిషాలు చెప్పడం కూడా వైద్యంలో భాగమే. నీకు ఆ ఐదు నిమిషాలు బాకీ పడ్డారు. నా మటుకు నీ ఉత్తరంలో పెద్ద తప్పు అదే.

నీ వణుకు గురించి కూడా ఎవరూ చెప్పినట్టు లేదు. నడుముకి మత్తిచ్చాక చాలామందికి వస్తుంది. మత్తు వల్ల కింది భాగంలో రక్తనాళాలు వదులై ఒంట్లో వేడి పోతుంది, పైగా థియేటరులో ఏసీ. దుప్పటి కప్పి, అవసరమైతే చిన్న మందిస్తే తగ్గిపోతుంది. చావు వణుకు కాదది. ఒక్క మాట చెప్పి ఉంటే ఆ భయాన్ని నువ్వు నాలుగు నెలలు మోసేదానివి కాదు.

డబ్బు కోసం కోశారేమో అన్నావు. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో వందకి 42 కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 63. అవన్నీ అవసరమై చేసినవే అని నన్ను చెప్పమంటే చెప్పను. కానీ నీది అక్కర్లేనిదో కాదో ఆ అంకెలు చెప్పవు, నీ కేసు షీటు చెబుతుంది. ఇంకో సంగతి. గంటకి ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలన్న పాత లెక్కని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో పక్కన పెట్టేసింది. తల్లీబిడ్డా బాగున్నంతసేపూ ఆ ఆలస్యాన్ని మాత్రమే చూసి తొందరపడొద్దంది. కాబట్టి ఎనిమిది దగ్గర ఎంతసేపు ఆగిందన్నది సగం ప్రశ్నే. ఆ సాయంత్రం కాగితం పట్టీ మీద బిడ్డ గుండె గీత ఎలా పోయిందన్నది చూడాలి.

అది చూసే హక్కు నీకుంది. వైద్య మండలి 2002 నియమాల ప్రకారం పేషెంటు అడిగితే 72 గంటల్లో రికార్డుల కాపీలు ఇవ్వాలి. మూడేళ్ల దాకా వాటిని దాచాలి కూడా. తెల్లకాగితం మీద నీ పేరు, ఐపీ నంబరు (ఆస్పత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చే నంబరు), చేరిన తేదీ రాసి, సూపరింటెండెంటు పేరు మీద ఇవ్వు. కేసు షీటు, నొప్పుల చార్టు (పార్టోగ్రాఫ్ అంటారు), గుండె గీతల పట్టీ, ఆపరేషను నోట్సు, ఈ నాలుగూ అడుగు. అందినట్టు ఓ కాపీ మీద సంతకం, ముద్ర వేయించుకో. ఆ వీధిలోకి వెళ్లలేకపోతే మీ ఆయన్ని పంపించు, సంతకం నువ్వు పెడితే చాలు.

కాపీలు చేతికొచ్చాక అదే డాక్టరమ్మ దగ్గర టైము తీసుకో. తగాదాకి వెళ్తున్నట్టు వెళ్లకు. తలెటు ఉంది, గుండె ఎప్పుడు తగ్గింది, ఎంతసేపటికి తీశారు, గర్భసంచి మీద కోత ఎలా ఉంది అని అడుగు. సరిగ్గా చెప్పే డాక్టర్లే ఎక్కువ, అడిగేవాళ్లే తక్కువ. చెప్పకపోతే ఆ కాగితాలు ఇంకో డాక్టరుకి చూపించు. పెద్దాసుపత్రి ఓపీలో చూపించినా సరే. గీత చూస్తే అనుభవమున్న డాక్టరుకి సంగతి బోధపడుతుంది.

ఆ కోత సంగతి ఎందుకడగమన్నానంటే, నీ రెండో ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది. డిశ్చార్జ్ కాగితంలో "ఎల్.ఎస్.సి.ఎస్." అని ఉంటే గర్భసంచి కింది భాగంలో అడ్డంగా కోశారని అర్థం. ఈ రోజుల్లో దాదాపు అందరికీ అదే. పైన చర్మం మీది మచ్చ చూసి లోపలి కోత చెప్పలేం, కాగితమే చూడాలి. ఒక్కసారి ఇలాంటి కోత పడి, మళ్లీ నార్మల్‌కి ప్రయత్నించినవాళ్లలో వందకి 60 నుంచి 80 మందికి అవుతుంది. నువ్వు ఎనిమిది దాకా వెళ్లావు కాబట్టి నీకు అవకాశం ఇంకాస్త మెరుగు. పాత కుట్టు దగ్గర గర్భసంచి చీలే ప్రమాదం వెయ్యిమందిలో ఐదారుగురికి ఉంటుంది. చిన్న అంకే గానీ, జరిగితే నిమిషాల్లో పని. అందుకని రాత్రీ పగలూ థియేటరు, మత్తు డాక్టరు, రక్తం సిద్ధంగా ఉండే చోటే ఆ ప్రయత్నం చేయాలి. కాన్పుకీ కాన్పుకీ మధ్య కనీసం ఏడాదిన్నర, వీలైతే రెండేళ్లు ఉండనీ. ఒప్పుకునే డాక్టరెవరో మూడో నెలలోనే కనుక్కో, తొమ్మిదో నెలలో వెతుక్కోకు.

నిద్ర లేకపోవడం, చెమటలు పట్టడం, అదే మాట చెవిలో మోగడం, వీటిని నేను తేలిగ్గా తీసుకోను. కాన్పయిన మొదటి రెండు వారాల్లో ఏడుపు రావడం మామూలే, అదే సర్దుకుంటుంది. నాలుగో నెలలో కూడా ఇలా ఉందంటే డాక్టరుకి చూపించాలి. కాన్పయ్యాక మనసు కుంగిందేమో చూడ్డానికి పది ప్రశ్నల కాగితం ఒకటుంటుంది, ఎడిన్‌బరో స్కేలు అని, 1987 నుంచీ వాడుతున్నారు. పది నిమిషాలు కూడా పట్టదు. మందులు అవసరమైనా పాలిస్తూ వాడుకోదగ్గవి ఉన్నాయి. బయటికెళ్లే ఓపిక లేకపోతే 14416కి ఫోను చెయ్యి, టెలీ మానస్ అని మానసిక ఇబ్బందులకి సాయం చేసే నంబరు, ప్రభుత్వానిదే, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఎప్పుడైనా చచ్చిపోవాలనిపించినా, పాపని ఏదైనా చేస్తానేమో అని భయమేసినా మాత్రం ఉత్తరాలు రాస్తూ కూర్చోకు, ఆ క్షణమే ఇంట్లో వాళ్లని లేపు, ఆస్పత్రికి వెళ్లు.

మీ అత్తగారు గొంతు తగ్గించడం గురించి. మా చిన్నప్పుడు పెద్దాపరేషనంటే మనిషి తిరిగొస్తుందో లేదో అని దేవుడికి ముడుపులు కట్టేవాళ్లు. ఆ భయం చూసినవాళ్లు ఆ మాట ఇప్పటికీ మెల్లగానే అంటారు. ఆవిడది సిగ్గో, భయమో నాకు ఇక్కణ్ణుంచి తెలీదు. కూరగాయలు తరుక్కుంటున్నప్పుడు పక్కన కూర్చుని అడిగి చూడు. ఆడపడుచు రెండు నార్మళ్ల సంగతికి నేను సమయం ఖర్చు పెట్టను.

ప్రశ్న: అమ్మా, మాది గుంటూరు, బ్రాడీపేట. మా అమ్మాయి నొప్పులంటే భయపడుతోందని ఆపరేషనే అనుకున్నాం. సిద్ధాంతి గారు శుక్రవారం పొద్దున 7.40కి దివ్యమైన లగ్నం పెట్టారు. అప్పటికి 37 వారాలు నిండుతాయి. థియేటరు మాట్లాడాం, అడ్వాన్సు కట్టాం. తీరా బుధవారం రాత్రి నొప్పులొచ్చి, అమావాస్య ఘడియల్లో నార్మల్‌గా మనవడు పుట్టేశాడు. డాక్టరు మందులిచ్చి రెండు రోజులు ఆపి ఉండాల్సిందని వియ్యంకుల వారంటున్నారు. ఆపే వీలుందా? శాంతి చేయించాలా?
– ఒక తాతయ్య, గుంటూరు

జవాబు: తాతగారూ, శాంతి నా శాఖ కాదు, మీ పురోహితుణ్ణే అడగండి. నొప్పులు ఆపే మందులున్న మాట నిజమే. అవి నెలలు బాగా తక్కువున్న బిడ్డకి, ఊపిరితిత్తులకి ఇంజెక్షను పనిచేసే లోపు ఒకటి రెండు రోజులు గడువు సంపాదించడానికి. లగ్నం కోసం వాడేవి కావు. మీ డాక్టరు సరిగ్గానే చేశారు.

మీరు అడగని సంగతి ఒకటి చెబుతాను. 39 వారాలు నిండకుండా, నొప్పులు రాకుండా కోసి తీసిన బిడ్డలకి ఊపిరి ఇబ్బంది ఎక్కువ. నొప్పులతో వచ్చే బిడ్డకి ఊపిరితిత్తుల్లో నీరు చాలావరకు దానంతటదే ఇంకిపోతుంది. ఏ అవసరమూ లేకుండా 37కే తీయించబోయారు మీరు. శుక్రవారం ఆ దివ్యమైన లగ్నంలో తీసిన పిల్లాణ్ణి తొమ్మిదింటికల్లా ఐసీయూ గాజుపెట్టెలో పెట్టడం నేను చూడనిది కాదు. ఆ అడ్వాన్సు సంగతంటారా, కాన్పు బిల్లులో పట్టుకోమనండి.

రెండు పేజీలు రాశారు. అమ్మాయి ఎలా ఉందో ఒక్క ముక్క లేదు. అంత భయపడ్డ పిల్ల అర్ధరాత్రి ఎలా కన్నదో, కుట్లు పడ్డాయా, జ్వరమేమైనా ఉందా, పాలు పడుతున్నాయా, వేళకి తింటోందా, ఈసారి ఉత్తరంలో అవి రాయండి.